పెర్‌స్పిక్యువస్ అనే జబ్బు

ఇంగ్లీషులో పెర్‌స్పిక్యువస్ అని ఒక మాట ఉంది. స్పష్టమైన, తేటతెల్లమైన, ఎవరికైనా ఇట్టే బోధపడే అని దాని అర్థం. అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు అంటామే, అదన్నమాట. ఇంత చక్కటి అర్థమున్న మాటను నేను నా జీవితంలో ఒకే ఒక్క దరఖాస్తులో వాడాను. దానివల్ల మా అక్క కాపురం మరో ఏడాది పాటు రెండు ఊళ్లలో నడిచింది. ఆ సంగతి చెప్పాలంటే ముందు నేనెంతటి ఘనుణ్నో చెప్పుకోవాలి.

డెబ్బైల మధ్యలో మేము విజయవాడ పటమటలో ఉండేవాళ్లం. నాన్న మిషన్ స్కూల్లో పనిచేసి రిటైరైన మాస్టారు. నేను బి.ఏ. పాసై, ఉద్యోగం వచ్చేదాకా ఖాళీగా ఉండకూడదని ఒక ట్యుటోరియల్ కాలేజీలో ఇంగ్లీషు చెబుతుండేవాణ్ని. అక్కడికి వచ్చేవాళ్లంతా ఇంగ్లీషు పరీక్ష తప్పినవాళ్లే. అందుచేత క్లాసులో నా ఇంగ్లీషును తప్పుపట్టగలిగినవాడు ఒక్కడూ ఉండేవాడు కాదు. అది నా పాండిత్యానికి రుజువని మనస్ఫూర్తిగా నమ్మాను.

ఏలూరు రోడ్డు మీద పాత పుస్తకాల కొట్లో నాకొక లావుపాటి డిక్షనరీ దొరికింది. దానికి అట్ట లేదు, మొదటి మూడు అక్షరాల పేజీలూ లేవు. నా పదసంపద డీతో మొదలయ్యేది. క్లియర్ అనే చిన్న మాట ఉండాల్సిన పేజీ కూడా ఆ పోయినవాటిలోనే ఉంది. జరిగినదానికి కారణం ఆ పేజీ లేకపోవడమేనని తరవాత చాలాకాలం వాదించి చూశాను, ఎవరూ ఒప్పుకోలేదు.

రోజుకొక మాట ఏరుకుని, చించేసిన కాలెండరు కాగితం వెనక రాసుకునేవాణ్ని. అర్థం, పర్యాయపదాలు, ప్రయోగం అని మూడు గడులు. మొదటి రెండూ డిక్షనరీలో దొరికేవి గానీ ప్రయోగం ఎవరి మీద చెయ్యాలన్నదే చిక్కు. మాట నేర్చుకున్న రోజున పొద్దుగుంకేలోగా మూడుసార్లు వాడాలని నాకొక నియమం. ఆ నియమం కోసం పక్కింటి గేదె మొహం చూసి లుగూబ్రియస్ అన్నాను. ఏడుపుగొట్టు మొహం అని అర్థం. గేదె ఏమీ అనలేదు గానీ, దాని యజమానురాలు నేనేదో దిష్టి పెట్టానని రెండు రోజులు మాకు పాలు పొయ్యలేదు.

అయినా మా పేటలో నాకు గౌరవం ఉండేది. ఎవరికి దరఖాస్తు కావాలన్నా నా దగ్గరికి వచ్చేవాళ్లు. ఆ రోజుల్లో మా వాళ్లలో ఇంగ్లీషు దరఖాస్తుకు ఒక మర్యాద ఉండేది. పోస్టు చెయ్యబోయే ముందు ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి దాన్ని పైకి చదవాలి. ఎవరికీ ఏమీ అర్థం కాకపోతే బాగా కుదిరిందని సంతోషించేవాళ్లు. ఎక్కడన్నా ఒక వాక్యం అర్థమైతే, మరీ తేలికైపోయిందేమో చూడమనేవాళ్లు. చదవడం అయ్యాక కవరును బైబిలు మీద పెట్టి ప్రార్థన చేసి, అప్పుడు పోస్టు డబ్బాలో వేసేవాళ్లం. ఇంత బందోబస్తు మధ్య నాకు తల తిరక్కపోతే ఆశ్చర్యం గానీ తిరగడంలో ఏముంది.

ఇక మా అక్క సంగతి. అక్క పామర్రుకు అవతల ఒక పల్లెటూళ్లో ఎలిమెంటరీ స్కూలు టీచరు. బావ ఇబ్రహీంపట్నంలో, కొత్తగా కడుతున్న కరెంటు కేంద్రం దగ్గర స్టోర్సులో పని. బావ అక్క దగ్గరికి రావాలంటే ఇబ్రహీంపట్నం నుంచి బెజవాడకు ఒక బస్సు, బెజవాడ నుంచి పామర్రుకు ఇంకొకటి, పామర్రులో గంటో రెండు గంటలో నిలబడితే ఊళ్లోకి మూడోది. పదిహేను రోజులకొక ఆదివారం వచ్చేవాడు. మధ్యాహ్నానికి చేరేవాడు, సాయంత్రం అయిదు గంటల బస్సుకు వెళ్లిపోయేవాడు. వాళ్లకు అయిదు నెలల ఆడపిల్ల. పిల్లను చూసుకోవడానికి అమ్మ అక్కడే ఉండిపోయింది. పటమటలో నాన్నా నేనూ నా చేతి వంట తినేవాళ్లం. కనుక అక్కకు బదిలీ కావాలని మా ఇంట్లో అందరికంటే ఎక్కువగా ప్రార్థన చేసింది నాన్నే.

భార్యాభర్తలు వేరే ఊళ్లలో ఉంటే ఒకచోటికి బదిలీ చేసే ఏర్పాటు ఉండేది. ఆ ఏడు ఇబ్రహీంపట్నం వైపు స్కూళ్లలో రెండు ఖాళీలున్నాయని బావ కనుక్కున్నాడు. మే నెలాఖరుకు పై ఆఫీసులో లిస్టు తయారవుతుంది. అందులో పేరుంటే జూన్లో స్కూళ్లు తెరిచేనాటికి ముగ్గురూ ఒక ఇంట్లో ఉంటారు. లేకపోతే మళ్లీ ఏడాది దాకా ఆ ఊసే లేదు.

ఏప్రిల్లో అక్క తన దరఖాస్తు తనే రాసుకుని, నాన్నకు చూపించడానికి పటమట వచ్చింది. తెల్లకాగితం మీద గుండ్రటి తెలుగు అక్షరాలతో నాలుగు వాక్యాలు రాసింది. నేనీ ఊళ్లో పని చేస్తున్నాను, నా భర్త ఇబ్రహీంపట్నంలో పని చేస్తున్నారు, మాకు అయిదు నెలల పిల్ల ఉంది, మమ్మల్ని ఒకచోట ఉండనివ్వమని కోరుతున్నాను. అంతే. నేనది చదివి నవ్వాను. ఇది దరఖాస్తా, కోడిపిల్లలకు మేత వెయ్యమని అమ్మకు రాసిన కార్డా అన్నాను. నాలుగు ముక్కల కాగితాన్ని ఆఫీసులో ఎవరు పట్టించుకుంటారు, నేను రాసిస్తాను చూడమన్నాను. నాన్నక్కూడా నిజమేననిపించింది. అక్క ఒక్క క్షణం ఆ కాగితం చేత్తో పట్టుకుని, సరేలేరా, నీకు తెలుస్తుందిగా అని నాకిచ్చేసింది. ఆ కాగితాన్ని నేను నా డిక్షనరీలో పేజీ గుర్తుకు పెట్టుకున్నాను.

నా దరఖాస్తు రెండున్నర ఫుల్‌స్కేపు కాగితాలయింది. మొదటి కాగితం నిండా దేశాభివృద్ధిలో ఉపాధ్యాయుల పాత్ర. రెండోదాంట్లో మాతృత్వం. బదిలీ మాట మూడో కాగితంలో, ఒక వాక్యం చివర కొసకు వేలాడుతూ ఉంటుంది. దానికి కాస్త పైన, దరఖాస్తుదారూ ఆమె పసిబిడ్డా పెర్‌స్పిక్యువస్ కష్టానికి గురవుతున్నారని రాశాను. కష్టం ఎవరికైనా స్పష్టంగా కనిపిస్తూనే ఉందని నా భావం. ఆ వాక్యం రాసి, కాగితం దూరంగా పట్టుకుని, తల పక్కకు వంచి చూసుకున్నాను.

గవర్నరుపేటలో టైపు చేయించాను. టైపిస్టు ఒక్క తప్పు లేకుండా కొట్టి, కాగితాలు నా చేతికిస్తూ, ఇంతకీ వీళ్లకేం కావాలండీ అని అడిగాడు. మొత్తం దరఖాస్తును తన చేతులతో కొట్టిన మనిషి అడిగిన ప్రశ్న అది. బుద్ధున్నవాడైతే అక్కడే ఆగి ఆలోచించేవాడు. నేను అతని చదువుకు జాలిపడి ఇంటికొచ్చాను. ఆ సాయంత్రం పాస్టరు గారిని పిలిచి, దరఖాస్తు పైకి చదివి వినిపించాను. ఎవరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. చాలా బాగుందన్నారు.

మూడు వారాలకు అక్క స్కూలుకు మెమో వచ్చింది. మేము ఇంగ్లీషులో రాస్తే వాళ్లు తెలుగులో జవాబిచ్చారు. దరఖాస్తులో పేర్కొన్న పెర్‌స్పిక్యువస్ విషయమై సివిల్ సర్జన్ గారి ధ్రువపత్రమును పదిహేను రోజులలోగా దాఖలు చేయవలెను అని అందులో ఉంది.

అసలు జరిగిందేమిటో తరవాత తెలిసింది. మా దరఖాస్తు చూసిన గుమాస్తా మంచి మనిషి. తల్లి, పసిబిడ్డ, కష్టం, గురికావడం అనే మాటలు ఆయనకు తెలిసినవే. మధ్యలో ఉన్న మాట ఒక్కటే తెలియలేదు. తెలియదని ఎవరినీ అడగలేదు. ఆ రోజుల్లో ఇంగ్లీషు మాట తెలియదని ఒప్పుకోవడం ఎవరివల్లా అయ్యేది కాదు, నావల్ల అసలే అయ్యేది కాదు కనుక ఆయన్ను నేనేమీ అనలేను. ఇది తల్లికీ బిడ్డకూ వచ్చిన ఏదో పెద్ద జబ్బని ఆయన నిర్ణయించుకున్నాడు. పాపం అనుకున్నాడు. జబ్బు కేసులకు ముందు బదిలీ ఇస్తారు కదా అని, మా కాగితాన్ని భార్యాభర్తల ఫైలులోంచి తీసి జబ్బుల ఫైలులో పెట్టాడు. మాకు ఉపకారమే చెయ్యబోయాడు.

ఈలోగా ఆ ఊళ్లో గుప్పుమంది. హెడ్మాస్టరు మెమో చదివి అక్కను ఎండలో నిలబడొద్దన్నాడట. ఎదురింటావిడ అమ్మను చాటుగా పిలిచి, అది అంటుకునే రకమా కాదా అని అడిగిందట. అమ్మకు భయమేసి నాన్నకు ఉత్తరం రాసింది. అమ్మాయికేదో జబ్బని ఆఫీసువాళ్లకు తెలిసిందట, మన దగ్గర దాచిపెడుతోంది, మీరొకసారి అడగండి అని. నాన్న ఆ ఉత్తరం నాకు చూపించకుండా నేరుగా పాస్టరు గారి దగ్గరికి వెళ్లాడు. ఆదివారం ఆరాధనలో పాస్టరు గారు, ప్రభువా, నీ కుమార్తెను ఈ పెర్‌స్పిక్యువస్ నుండి విడిపించుము అని కళ్లు మూసుకుని వేడుకున్నారు. సంఘమంతా ఆమెన్ అంది. నేను కళ్లు తెరిచి అటూ ఇటూ చూసి, చేసేది లేక ఆమెన్ అన్నాను.

ఇంటికొచ్చాక నాన్నకు విషయం విప్పి చెప్పాను. నాన్న వేళ్ల మీద రోజులు లెక్కపెట్టాడు. తరవాత, ఇంకా పది పన్నెండు రోజులు గడువుంది, జబ్బేమీ లేదు, బదిలీ భర్త దగ్గరికని ఒక్క కార్డు ముక్క రాసి పడెయ్యి అన్నాడు. అక్క కూడా ఆ ఊరి నుంచి వచ్చే ఒకాయనతో అదే కబురు పంపింది. నాలుగు ముక్కలు చాలు, త్వరగా పంపమని చెప్పింది.

ఇక్కడ నేను చేసిన పనికి పాండిత్యం కారణమని చెప్పుకోవడానికి కూడా లేదు. అది ఉత్త పొగరు. నా మాటను పట్టుకుని జబ్బంటారా అని నాకు కోపం వచ్చింది. గోటితో పోయేదానికి గొడ్డలి తీశాను. ఆ మాట మీద ఆరు పేజీల వివరణ మొదలుపెట్టాను. అది లాటిన్ నుంచి ఎలా వచ్చిందో ఒక పేజీ. ల్యూసిడ్, పెల్యూసిడ్, లింపిడ్, మానిఫెస్ట్ అని దాని పర్యాయపదాలు, ఒకదానికీ మరోదానికీ ఉన్న సూక్ష్మభేదాలు రెండు పేజీలు. ఏటి నీళ్ల తేటకు ఏది వాడాలి, మాట తేటకు ఏది వాడాలి అని. మిగిలిన మూడు పేజీలూ ప్రయోగాలు. ఒక్కో ప్రయోగం దిద్దుకుంటూ పదకొండు రోజులు గడిపాను. ఇంట్లో గిన్నెలు నాన్నే తోముకున్నాడు.

పోస్టు చేసి వచ్చాక నాన్న అడిగాడు.

“వాళ్లడిగింది జబ్బుందా లేదా అని. లేదని రాశావా?”

నేను మనసులోనే ఆరు పేజీలూ తిరగేసుకున్నాను. అన్నీ ఉన్నాయి. ఆ ఒక్క మాటే లేదు.

మే చివరి వారంలో అక్కను తీసుకుని పై ఆఫీసుకు వెళ్లాను. ఆ ఆఫీసు ఏ ఊళ్లోదో చెప్పను, తప్పు వాళ్లది కాదు. అక్క చంకలో పిల్ల, నా చంకలో డిక్షనరీ. అవసరమైతే పేజీ తీసి చూపిద్దామని తెచ్చాను. మమ్మల్ని ముందుగా పలకరించింది ఆ గుమాస్తానే. అక్కను కూర్చోమని తన కుర్చీ ఇచ్చి, ఒంట్లో ఎలా ఉందమ్మా అని అడిగాడు. ఆ ఆరు పేజీలూ రాసింది నేనేనని తెలిశాక లేచి నమస్కారం పెట్టాడు. పర్యాయపదాలన్నీ మావాడి పరీక్షకు పనికొస్తాయని నోటుపుస్తకంలోకి ఎక్కించుకున్నానండీ అన్నాడు. నా జీవితంలో ఆ వ్యాసానికి దొరికిన మెప్పు అదొక్కటే. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ ఆ క్షణాన నాకు సంతోషమే అయింది.

లోపల సూపరింటెండెంటు గారు పెద్దవయసు మనిషి. మా ఫైలు ముందు పెట్టుకుని, సంగతేమిటో చెప్పమన్నారు. నేను గొంతు సవరించుకుని, ఆ మాటకు మూలం లాటిన్లో ఉందండీ అని మొదలుపెట్టాను. ఆయన చెయ్యెత్తి నన్ను ఆపి, అక్క వైపు చూశారు.

“నువ్వు చెప్పమ్మా. నీకేం కావాలి?”

“మా ఆయన ఇబ్రహీంపట్నంలో పని చేస్తారండీ. నేను పామర్రు అవతల. పిల్ల చిన్నది. ఒకచోట ఉంటే బాగుంటుందని.”

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

“ఈ ముక్క రాస్తే ఏప్రిల్లోనే అయిపోయేది కదమ్మా. భార్యాభర్తల లిస్టు మొన్ననే వెళ్లిపోయింది. నీ కాగితం అందులో లేదు. ఇటు జబ్బు కింద చూద్దామంటే సర్టిఫికెట్టు లేదని కొట్టేశాం.”

రెండు ఖాళీలూ నిండిపోయాయట. అక్క నమస్కారం పెట్టి, పిల్లను భుజం మార్చుకుని బయటికొచ్చింది. బస్సులో పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుంది. కాలవ పక్కనే పోతున్నాం. నేను కిటికీలోంచి చూస్తూ, అక్క తిడితే బాగుండుననుకున్నాను. తిట్టలేదు. ఉయ్యూరు దాటాక అడిగింది.

“ఇంతకీ ఆ మాటకు అర్థమేంట్రా?”

చెప్పాను. స్పష్టంగా, ఎవరికైనా తెలిసేట్టు ఉండడం అని. అక్క నా మొహం కేసి చూసి, మా మూడో క్లాసు పిల్లలకు నేను రోజూ చెప్పేదదే, తెలిసేట్టు రాయమని అంది. తరవాత నవ్వింది. ఆ నవ్వు ఆగడానికి కాస్త సమయం పట్టింది, చివరికొచ్చేసరికి కొంగుతో కళ్లు తుడుచుకుంది. పిల్ల డిక్షనరీ అంచు నోట్లో పెట్టుకుని చప్పరిస్తోంది. నేను లాక్కోలేదు.

జూన్లో అక్క మళ్లీ ఆ ఊళ్లోనే బడి తెరిచింది. బావ నన్నొక్క మాటా అనలేదు. అనకపోవడం వల్ల నాకు మరీ కష్టమైంది. ఏం చేసి తీర్చుకోవాలో తెలియక, శనివారం క్లాసులవగానే బస్సెక్కి అక్క దగ్గరికి వెళ్లడం మొదలుపెట్టాను. సరుకులు మోసుకెళ్లేవాణ్ని. పంపు దగ్గర నీళ్లు కొట్టేవాణ్ని. మిగతా వేళంతా పిల్లను ఎత్తుకుని తిప్పేవాణ్ని, సోమవారం తెల్లవారుజామున బయలుదేరేవాణ్ని. పిల్ల పాకడం నా ముందే నేర్చింది. గోడ పట్టుకుని నిలబడ్డదీ నా ముందే. అవన్నీ అక్క బావకు ఉత్తరాల్లో రాసేది. ఆ ఏడు బావకు పని ఎక్కువై, పదిహేను రోజులకు రావాల్సినవాడు నెలకోసారి వచ్చాడు.

డిసెంబరులో ఒక ఆదివారం. కోతలైపోయి చేలల్లో కుప్పలు వేసి ఉన్నాయి. మధ్యాహ్నం బావ వచ్చాడు. చొక్కా నిండా మూడు బస్సుల దుమ్ము. జేబులోంచి రబ్బరు చిలక తీసి, గుమ్మంలోనే చతికిలబడి పిల్లను రమ్మని చేతులు చాపాడు. పిల్ల ఆయన వంక చూసింది. చిలక వంక చూసింది. వెనక్కి తిరిగి గబగబా నా దగ్గరికొచ్చి, నా మోకాళ్లు వాటేసుకుని నాన్న అంది.

అప్పటికి ఇంకా దానికి మాటలు సరిగ్గా రాలేదు. ఆ మాటను అంత స్పష్టంగా అనడం మేము విన్నది అదే మొదటిసారి. అక్క వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడిపోయింది. మావయ్యమ్మా, మావయ్య అని అమ్మ దిద్దబోయింది. పిల్ల మళ్లీ అదే అంది. నేను దాన్నెత్తి బావ ఒళ్లో కూర్చోబెట్టాను. అది గుక్కపట్టి ఏడుస్తూ నా వైపే చేతులు చాచింది.

బావ దాన్ని గట్టిగా పట్టుకోలేదు, వదల్లేదు.

“పోనీలేరా. వారం వారం చూసేది నిన్నేగా. సాయంత్రం దాకా ఉంటాగా, అలవాటవుద్ది.”

నేను దాని కంటపడకుండా పెరట్లోకి వెళ్లి కూర్చున్నాను. కాసేపటికి ఏడుపు సన్నబడింది. తరవాత రబ్బరు చిలక కీచుమనడం, బావ ఏదో కూనిరాగం తియ్యడం వినిపించాయి. నాలుగు దాటాక పిల్ల నవ్వింది. బావ చెప్పింది నిజమే, దానికి అలవాటైంది. ఆయన భుజం మీద తల పెట్టుకుని, చొక్కా గుండీ పట్టుకుని కళ్లు మూసింది. అక్క దాన్ని మెల్లగా విడదీసి తీసుకునేసరికి అయిదు గంటల బస్సు రోడ్డు మీద హారన్ కొడుతోంది.